లా ఎక్కడ చదవాలి? గుర్తింపు, ప్రవేశ పరీక్ష, హాజరు, ర్యాంకుల చిక్కుముడి

ఇంజినీరింగ్ సీటు సంగతి ఎత్తితే మన ఇళ్లలో సలహాలకు కొదవుండదు. ఏ కాలేజీలో ఏ బ్రాంచి, ఎంత ర్యాంకుకు సీటు, ప్యాకేజీ ఎంత, అన్నీ అందరికీ నోటి మీదే ఉంటాయి. లా అనేసరికి మాత్రం మాట రెండు ముక్కల్లో తేలిపోతుంది: ‘నల్సార్ వస్తే చేరు, రాకపోతే లాసెట్ రాసి ఎక్కడో ఒకచోట చేరిపో.’ నల్సార్ అంటే హైదరాబాద్‌లోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, లాసెట్ అంటే రాష్ట్ర స్థాయి లా ప్రవేశ పరీక్ష. నల్సార్‌కూ ఆ ‘ఎక్కడో ఒకచోట’కూ మధ్య ఏముందో చెప్పేవాళ్లు తక్కువ. తేడాలన్నీ ఉన్నది అక్కడే.

2025లో వచ్చిన రెండు నిర్ణయాలు ఈ గందరగోళాన్ని ఇంకాస్త పెంచాయి. మే 20న సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు పోటీ పడాలంటే కనీసం మూడేళ్లు ప్రాక్టీసు చేసి ఉండాలని తీర్పు చెప్పింది. ఆగస్టులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, మూడేళ్లపాటు కొత్త లా కాలేజీలకు అనుమతులు ఉండవని ప్రకటించింది. చదువయ్యాక ఏం చేయాలన్న లెక్కను మొదటిది మార్చేసింది. రెండోది ఎక్కడ చేరాలన్న ప్రశ్న మీద పడింది.

డిగ్రీ యూనివర్సిటీది, నల్లకోటు బార్ కౌన్సిల్‌ది

లా పాసైనంత మాత్రాన అడ్వకేట్ కారు. రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. దాన్నే ఎన్‌రోల్‌మెంట్ అంటారు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ప్రకారం, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (వాడుకలో బీసీఐ) గుర్తించిన డిగ్రీ ఉంటేనే ఆ నమోదు జరుగుతుంది. వేరే కోర్సుల్లో అనుమతి ఉన్నా లేకపోయినా ఉద్యోగమిచ్చే కంపెనీ పట్టించుకోకపోవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. దూరవిద్యలో, కరస్పాండెన్స్‌లో చేసిన ఎల్‌ఎల్‌బీ ఎన్‌రోల్‌మెంట్‌కు పనికిరాదు.

అసలు మెలిక వేరే ఉంది. గుర్తింపు అనేది కాలేజీకి ఒక్కసారి ఇచ్చేసి మరిచిపోయేది కాదు. కోర్సును బట్టి, సెక్షన్ల సంఖ్యను బట్టి, చాలాసార్లు ఇన్నేళ్ల వరకని గడువు పెట్టి ఇస్తారు. ఒక కాలేజీకి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో రెండు సెక్షన్లకు అనుమతి ఉందనుకుందాం. సెక్షన్‌కు 60 మందికి మించకూడదు కాబట్టి 120 సీట్లు. ఈ ఏడు అదే కాలేజీ బీబీఏ ఎల్‌ఎల్‌బీ కూడా మొదలుపెట్టి బ్రోచర్లు పంచింది. ‘మాది బీసీఐ గుర్తింపు పొందిన కాలేజీ’ అన్న ముక్క అబద్ధమేమీ కాదు. కొత్త కోర్సుకు అనుమతి వచ్చిందో లేదో మాత్రం ఆ ముక్క చెప్పదు. 2025 ఆగస్టు నిర్ణయం కొత్త కాలేజీలతో ఆగలేదు. ఉన్న కాలేజీల్లో కొత్త సెక్షన్లు, కోర్సులు, బ్యాచ్‌లకూ బీసీఐ ముందస్తు అనుమతి తప్పనిసరి అంటుంది. లాసెట్ కౌన్సెలింగ్ ఆలస్యమైనప్పుడల్లా ‘బీసీఐ అనుమతులు ఇంకా రాలేదు’ అన్న మాట వినిపించేది కూడా ఈ రెన్యువల్ తతంగం వల్లే.

ఇలా గేట్లు మూయడం మంచిదేనా అంటే రెండు వాదనలున్నాయి. చాలినంతమంది అధ్యాపకులు లేకుండా కాలేజీలు పుట్టగొడుగుల్లా వస్తున్నాయి, ముందు ఉన్నవాటిని చక్కదిద్దాలి అన్నది బీసీఐ వాదన. కొత్తవాటిని ఆపితే పోటీ పోతుంది, ఉన్న నాసిరకం కాలేజీలకే లాభం అన్నది రెండో వైపు మాట. 2019లోనూ బీసీఐ ఇలాంటి మూడేళ్ల నిషేధమే పెడితే, 2020 డిసెంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు దాన్ని కొట్టేసింది. నా మటుకు నాకు అనిపించేదేమిటంటే, కొత్త అనుమతులు ఆపడానికి ఒక్క ఉత్తర్వు చాలు. ఉన్న వందల కాలేజీలను ఒక్కొక్కటిగా తనిఖీ చేయడమే కష్టమైన పని, మూడేళ్లలో అదెంత జరుగుతుందన్న దాని మీదే ఈ నిర్ణయం విలువ తేలుతుంది.

ఐదేళ్లా, మూడేళ్లా?

ఇంటర్ తర్వాత నేరుగా చేరేది ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు. బీఏ ఎల్‌ఎల్‌బీ, బీబీఏ ఎల్‌ఎల్‌బీ, బీకాం ఎల్‌ఎల్‌బీ ఈ కోవలోవి. ఏదైనా డిగ్రీ పూర్తయ్యాక చేరేది మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. బీసీఐ నిబంధనల ప్రకారం జనరల్ అభ్యర్థులకు అంతకుముందు చదువులో 45 శాతం, ఓబీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. ఎన్‌రోల్‌మెంట్ దగ్గర ఈ రెండు డిగ్రీలకూ తేడా లేదు. జడ్జి పరీక్షకూ అంతే.

లెక్క చూస్తే 17 ఏళ్లకు ఇంటర్ అయినవారు ఐదేళ్ల కోర్సుతో 22కు బయటపడతారు. మామూలు డిగ్రీ, ఆపైన మూడేళ్ల లా అయితే 23. సుప్రీంకోర్టు చెప్పిన మూడేళ్ల ప్రాక్టీసు కలిపితే జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు అర్హత మొదటివారికి 25కు, రెండోవారికి 26కు వస్తుంది. మిగిలేది ఒక్క ఏడాది. దాని కోసం 17 ఏళ్ల వయసులోనే ఐదేళ్లకు కట్టుబడాలి. మధ్యలో దిగడానికి మెట్లు లేవు. మూడేళ్లు చదివి, లా వద్దనుకుని ‘నా బీఏ నాకిచ్చేయండి’ అంటే కుదరదు. ఇంటిగ్రేటెడ్ డిగ్రీని విడగొట్టి ఇవ్వకూడదని బీసీఐ నిబంధన. డిగ్రీ ఉంది కదా అని ఐదేళ్ల కోర్సులో నేరుగా మూడో ఏడులో చేరడమూ కుదరదు. ఐదేళ్ల కోర్సు వైపు వాదన కూడా బలమైనదే: చిన్న వయసులోనే చట్టం భాష అలవాటవుతుంది, ఇంటర్న్‌షిప్‌లకు ఎక్కువ వేసవులు దొరుకుతాయి.

మూడేళ్ల కోర్సులో పాతకాలపు ఉచ్చు ఒకటుంది. ఇంటర్ చదవకుండానే అర్హత పరీక్ష రాసి ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసినవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. పదో తరగతి, ఇంటర్ పునాది లేకుండా నేరుగా తెచ్చుకున్న ఓపెన్ డిగ్రీతో లాలో చేరడానికి అర్హత లేదని బీసీఐ నిబంధన చెబుతుంది. ఇంటర్ పాసై, ఆ తర్వాత డిగ్రీ దూరవిద్యలో చేసినవారికి ఈ ఇబ్బంది లేదు. రెండు సర్టిఫికెట్లూ పైకి ఒకేలా కనిపిస్తాయి కాబట్టే చిక్కు.

క్లాట్ దారి, లాసెట్ దారి

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో దాదాపు అన్నింటికీ క్లాట్ ఒక్కటే ప్రవేశ పరీక్ష. హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేటలో ఉన్న నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నేషనల్ లా స్కూల్ అన్నీ దీని కిందికే వస్తాయి. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానిది మాత్రం ఐలెట్ అని వేరే పరీక్ష. క్లాట్‌లో రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు కోత. 80 ఒప్పు, 28 తప్పు, మిగతావి వదిలేస్తే వచ్చేది 73. ప్రశ్నలన్నీ పేరాగ్రాఫులు చదివి జవాబిచ్చే తరహా, అంతా ఇంగ్లిషులోనే. పరీక్ష డిసెంబరులో, అంటే సెకండియర్ ఇంటర్ నడుస్తుండగానే అయిపోతుంది. పబ్లిక్ పరీక్షలయ్యాక లా గురించి ఆలోచించేవాళ్లకు ఆ ఏటి బస్సు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది.

లాసెట్ సంగతి వేరు. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు: జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీ 30, కరెంట్ అఫైర్స్ 30, లా ఆప్టిట్యూడ్ 60. నెగెటివ్ మార్కుల్లేవు, తెలుగులోనూ రాయొచ్చు, వయసు పరిమితి లేదు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధనే లేదు. అర్హత దాదాపు అందరికీ వస్తుంది కాబట్టి అసలు పోటీ ర్యాంకు దగ్గరే. ఉస్మానియా, ఆంధ్ర, కాకతీయ, శ్రీ వేంకటేశ్వర వంటి యూనివర్సిటీల సొంత లా కాలేజీల్లో సీట్లు పై ర్యాంకులతోనే నిండిపోతాయి. వాటిలో ఫీజు తక్కువ, పేరూ పాతది.

ఇంగ్లిషు ఒక్కటే ఉండటం న్యాయమేనా అన్న వాదం చాన్నాళ్లుగా ఉంది. ప్రాంతీయ భాషల్లోనూ క్లాట్ పెట్టాలని ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం పడితే, బీసీఐ ఆ ఆలోచనను సమర్థించింది. హైకోర్టుల్లో, సుప్రీంకోర్టులో వాడే భాష రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం ఇంగ్లిషే కాబట్టి చదువూ అందులోనే ఉండాలన్నది ఎదుటివారి జవాబు. ఇందులో నిజం లేకపోలేదు. అయితే ఆదోనిలోనో ఆసిఫాబాద్‌లోనో సర్కారు కాలేజీలో ఇంటర్ చదివిన పిల్లకు తర్కం తక్కువై కాదు, 450 పదాల ఇంగ్లిషు పేరాను గబగబా చదివే అలవాటు లేక ర్యాంకు పోతుంది. ఐదేళ్లలో నేర్చుకోగల దాన్ని గుమ్మం దగ్గరే పరీక్షించడం నాకు సబబుగా తోచదు.

రెండు రాష్ట్రాల మధ్య గీత కూడా ఇప్పుడు గట్టిపడింది. 2014 పునర్విభజన చట్టం 95వ సెక్షన్ ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో తీరిపోయింది. ఆంధ్రప్రదేశ్ విద్యార్థి హైదరాబాద్‌లో లాసెట్ సీటు ఆశించడం గురించి పాత సీనియర్లు చెప్పే అనుభవాలు ఇప్పుడు పూర్తిగా వర్తించవు. నల్సార్‌లో, సబ్బవరంలో ఆయా రాష్ట్రాల స్థానికులకు కోటా వేరే ఉంది.

డిగ్రీ అయినవారికి ఈ రెండూ కాక ఇంకో దారి ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ లా ఫ్యాకల్టీ తన మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా విద్యార్థులను తీసుకుంటుంది. బెంగళూరు నేషనల్ లా స్కూల్ 2022లో మూడేళ్ల కోర్సు మొదలుపెట్టి సొంత పరీక్ష పెడుతోంది. మన దగ్గర డిగ్రీ ఫైనలియర్ పిల్లలకు వీటి గురించి పెద్దగా తెలియదు.

‘రోజూ రానక్కర్లేదు సార్’

మూడేళ్ల లా గురించి వాకబు చేయడానికి వెళ్లిన టీచర్లకు, బ్యాంకు ఉద్యోగులకు, కానిస్టేబుళ్లకు కొన్నిచోట్ల ఆఫీసు కౌంటర్ దగ్గరే ఈ భరోసా దొరుకుతుంది. పరీక్షలకు వస్తే చాలట. నిబంధనల పుస్తకం మాత్రం ఇంకోలా ఉంది. లా అనేది పూర్తికాలం చదువు, వారానికి 30 గంటల కార్యక్రమం ఉండాలి, తరగతులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి. ఆఫీసు వదిలాక వెళ్లి చదువుకునే పాతకాలపు ఈవెనింగ్ లా కాలేజీకి ఇందులో చోటు లేదు.

ప్రతి సబ్జెక్టులోనూ 70 శాతం హాజరు కావాలి. తగిన కారణం ఉంటే చిన్న సడలింపు ఉంది: ఒక సబ్జెక్టులో 65 శాతానికి తగ్గకుండా ఉండి, అన్నీ కలిపి 70 ఉంటే పరీక్ష రాయనివ్వొచ్చు. ఉదాహరణకు రాజ్యాంగ చట్టం క్లాసులు 60 జరిగితే ఒకరు 40కి వెళ్లారు. అది 66.7 శాతం. అన్ని సబ్జెక్టులూ కలిపి 300కు 215, అంటే 71.7. సడలింపు దొరకొచ్చు. అదే రాజ్యాంగ చట్టంలో 38 క్లాసులకే వెళ్లి ఉంటే 63.3 శాతం. మొత్తం హాజరు ఎంత బాగున్నా ఆ పేపరు దగ్గర ఆగాలి.

ఇదంతా కాగితం మీదే కదా అన్నవాళ్లకు 2024 సెప్టెంబరు సర్క్యులర్ ఒక హెచ్చరిక. కాలేజీల్లో బయోమెట్రిక్ హాజరు, సీసీ కెమెరాలు పెట్టాలని, విద్యార్థి తనకు ఉద్యోగం ఉందో లేదో డిక్లరేషన్ ఇవ్వాలని, ఉంటే యజమాని నుంచి నిరభ్యంతర పత్రం తేవాలని బీసీఐ చెప్పింది. గాలి పూర్తిగా ఒకవైపే వీయడం లేదు. హాజరు తక్కువైందన్న ఒక్క కారణంతో లా విద్యార్థులను పరీక్షలకు రానివ్వకపోవడం తగదని ఢిల్లీ హైకోర్టు 2025 నవంబరులో తీర్పిచ్చింది. విద్యార్థుల మానసిక ఆరోగ్యం ఆ కేసులో ప్రధాన చర్చ. మూట్ కోర్టు (విద్యార్థులు లాయర్లలా వాదించే నమూనా కోర్టు), సెమినార్, ఇంటర్న్‌షిప్‌లను కూడా చదువులో భాగంగా చూడాలన్న వాదనకు దాంతో బలం వచ్చింది. ఎటూ రాకుండా డిగ్రీ పట్టుకెళ్లడానికి మాత్రం అది అనుమతి పత్రం కాదు.

నిజానికి లాసెట్ కాలేజీల మధ్య పెద్ద తేడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. సిలబస్ యూనివర్సిటీది, ఫీజును నిర్ణయించేది నియంత్రణ సంస్థ, పాఠ్యపుస్తకాలు అవే. మారేదల్లా మధ్యాహ్నం రెండింటికి తరగతి గదిలో ఎంతమంది ఉన్నారన్నదే. నలుగురే కూర్చున్న గదిలో మూట్ కోర్టు నడవదు, ఆ నలుగురి కోసం లెక్చరర్ శ్రద్ధ పెట్టి రావడమూ కష్టం. ఈ అంకె ఏ ర్యాంకుల జాబితాలోనూ ఉండదు.

ర్యాంకులు చెప్పేది, చెప్పనిది

కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ లా జాబితాలో 2025లో బెంగళూరు నేషనల్ లా స్కూల్ మొదట, ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం రెండో స్థానంలో, నల్సార్ మూడో స్థానంలో ఉన్నాయి. బోధన వనరులు, పరిశోధన, చదువయ్యాక ఫలితాలు, అందరికీ అవకాశం, పేరుప్రఖ్యాతులు అనే కొలతలతో, ముఖ్యంగా సంస్థలే ఇచ్చే సమాచారం ఆధారంగా ఇది తయారవుతుంది. జాబితా కొన్ని పదుల సంస్థలతో ముగుస్తుంది. జిల్లా కేంద్రాల్లోని కాలేజీలు అందులో కనపడకపోతే చెడ్డవని అర్థం కాదు, వాటిని ఆ కొలబద్ద కొలవలేదంతే. ఇక కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ ఇచ్చే గ్రేడు మొత్తం సంస్థకు ఇచ్చేది, ప్రత్యేకంగా లా విభాగానికి కాదు.

పేరు పనిచేసే చోటు ఉంది, కాదనలేం. ముంబయి, ఢిల్లీ, బెంగళూరుల్లోని పెద్ద లా ఫర్ములు క్యాంపస్‌కు వచ్చి ఉద్యోగాలిచ్చేది పై వరుస జాతీయ విశ్వవిద్యాలయాల్లోనే. కంపెనీల విలీనాలు, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ద్వారా వివాదం తేల్చుకోవడం) లాంటి పనుల మీద మనసున్నవారికి ఆ కాలేజీ పేరే తొలి మెట్టు. బదులుగా ఏటా ఫీజు లక్షల్లో ఉంటుంది. అప్పు చేసి చదివినవారికి ఈఎంఐ మొదలయ్యేసరికి, జిల్లా కోర్టులో సీనియర్ దగ్గర చేరాలన్న కోరిక ఉన్నా తీరదు. కోర్టుల కోసం మంచి లాయర్లను తయారుచేయడానికి పుట్టిన విశ్వవిద్యాలయాలు కార్పొరేట్లకు మనుషుల్ని పంపుతున్నాయన్న విమర్శకు మూలం చాలావరకు ఈ లెక్కే.

కోర్టుకు ఎంత దూరం?

ఐదేళ్ల కోర్సులో 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. అదెక్కడ చేస్తారన్నది కాలేజీ ఉన్న ఊరిని బట్టి ఉంటుంది.

జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఉదయం పదిన్నరకు కాల్ వర్క్ మొదలవుతుంది. బెంచ్ క్లర్క్ నంబర్లు పిలుస్తూ పోతుంటాడు. సీనియర్ పక్క కోర్టులో వాదనలో ఉంటాడు, కాబట్టి తన నంబరు రాగానే జూనియర్ లేవాలి. సమన్లు అందాయా? రిటన్ స్టేట్‌మెంట్ (ప్రతివాది రాతపూర్వక జవాబు) వేశారా? దాని గడువు ముప్పై రోజులు దాటాయా? తొంభై కూడా దాటాయా? వాయిదా ఏ తేదీకి? అరగంటలో పదుల కేసులు కదిలిపోతాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఐదో ఆర్డరు సమన్లు, ఎనిమిదో ఆర్డరు రిటన్ స్టేట్‌మెంట్, పదిహేడో ఆర్డరు వాయిదాలు అని బట్టీ పట్టినవన్నీ అక్కడ పేర్లూ తేదీలతో ఎదురవుతాయి. ప్లెయింటు (దావా పత్రం) ఇంగ్లిషులో ఉంటుంది, సాక్షి మాట తెలుగులో వస్తుంది. ఈ రెండింటి మధ్య తిరగగలిగే జూనియర్‌నే సీనియర్లు వెతుక్కుంటారు.

అందుకే ట్రయల్ కోర్టు ప్రాక్టీసు మీద మనసున్నవారికి కోర్టుల సముదాయానికి నడిచి వెళ్లగలిగే మామూలు కాలేజీ, ఊరవతల ఉన్న పెద్ద క్యాంపస్ కన్నా నయం కావొచ్చు. హైకోర్టు మీద గురి ఉంటే లెక్క మారుతుంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2019 జనవరి 1 నుంచి అమరావతిలో వేరుగా నడుస్తోంది. అప్పటిదాకా అందరూ చూసింది హైదరాబాద్ వైపే. ఇప్పుడు గుంటూరు, విజయవాడ కాలేజీలకు ఆ దగ్గరితనం దక్కింది, తిరుపతి, అనంతపురం విద్యార్థికి మాత్రం హైకోర్టు ఇంకా రాత్రి ప్రయాణమే.

విదేశీ డిగ్రీ గురించి ఒక్క మాట. బయటి దేశంలో లా చదివి వచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే ఆ డిగ్రీని బీసీఐ గుర్తించి ఉండాలి, పైన బీసీఐ పెట్టే అర్హత పరీక్ష పాసవ్వాలి. అక్కడే స్థిరపడాలనుకునేవారి లెక్క పూర్తిగా వేరు.

చదువు పూర్తయిన మర్నాటి ఖర్చు

ఎన్‌రోల్‌మెంట్‌కు రాష్ట్ర బార్ కౌన్సిళ్లు రకరకాల పేర్లతో వేలల్లో వసూలు చేసేవి. 2024 జులై 30న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. చట్టంలో ఉన్న 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోకూడదు. ఆ తర్వాత, ప్రాక్టీసు కొనసాగించాలంటే పాసవ్వాల్సిన ఆలిండియా బార్ పరీక్ష. వంద ప్రశ్నలు, వ్యాఖ్యానాలు లేని చట్టాల ప్రతులు వెంట తెచ్చుకోవచ్చు, జనరల్, ఓబీసీలకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం వస్తే పాస్. జడ్జి పరీక్షకు కావాల్సిన మూడేళ్లను ఈ పరీక్ష పాసైన రోజు నుంచి కాకుండా, అది పాసయ్యేలోపు ఇచ్చే తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్కించాలని 2025 తీర్పు స్పష్టం చేసింది. జడ్జిల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలమూ అందులో కలుస్తుంది.

ఆ మూడేళ్లు బతకడం ఎలాగన్నది ఫీజు లెక్కలు వేసే రోజున ఎవరికీ గుర్తుకు రాదు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బీసీఐ 2024 అక్టోబరులో సీనియర్లకు సూచించింది. అది సూచన మాత్రమే, ఇవ్వకపోతే అడిగేవారు లేరు. హైదరాబాద్‌లో గది అద్దె కట్టుకుంటూ గడిపే మూడేళ్లకూ, సొంతూళ్లో ఇంట్లో తింటూ జిల్లా కోర్టుకు వెళ్లే మూడేళ్లకూ మధ్య డబ్బు తేడా, రెండు కాలేజీల ఫీజుల మధ్య తేడా కన్నా చాలాసార్లు ఎక్కువే ఉంటుంది.